కష్టాల బాల్యం దాటాక, మనసుకు నచ్చిన పనిని ఎలా ఎంచుకున్నారు?

పలాస కుర్రాడు
అందరికీ నమస్కారం. నా వయసు 25 ఏళ్లు. నాన్న తాగుడుకు బానిస కావడంతో అమ్మ జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు ఒలిచి నన్నూ చెల్లినీ పెంచింది. జీడి అంటి నల్లబడిన ఆమె వేళ్లను చూస్తూ పెరిగిన నేను, త్వరగా జీతం తెచ్చే చదువు కావాలనుకుని పాలిటెక్నిక్‌లో మెకానికల్ పూర్తిచేసి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాను. చెల్లి డిగ్రీ ఫీజు నా జీతంతోనే కడుతున్నాము. అయినా రోజంతా యంత్రం పక్కన నిలబడితే నా బతుకు ఇంతేనా అనిపిస్తోంది. కొత్త అప్రెంటిస్‌లకు కొలతలు తీయడం, డ్రాయింగ్ చదవడం నేర్పే రోజున మాత్రం షిఫ్ట్ అయిపోయినా కదలబుద్ధి కాదు. బోధన వైపు వెళ్లాలన్న ఆశ అమ్మకు ద్రోహం చేయడమవుతుందా?

కవిటి అక్క
తమ్ముడూ, మాది ఉద్దానం. నేను ఇంటర్మీడియట్‌లో ఉండగా నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. అప్పట్లో మా వైపు డయాలసిస్ లేనందున వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకువెళ్లేవాళ్లం. దారి ఖర్చులకే సగం కొబ్బరి తోట అమ్మాము, మిగిలిన సగాన్ని 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టింది. నాన్న పోయాక, ఆయనలాంటి వాళ్లకు ఉపయోగపడాలన్న పట్టుదలతో డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చదివాను.

ఇది విన్నవారంతా మెచ్చుకుంటారు గాని, మొదటి ఆరు నెలలూ నేను పడిన యాతన ఎవరికీ తెలియదు. ప్రతి రోగి చేతిపై ఉబ్బిన రక్తనాళంలోనూ నాన్న చెయ్యే కనిపించి సూది గుచ్చలేకపోయేదాన్ని. చివరకు మా సీనియర్ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు మీ నాన్నను బతికించడానికి ఇక్కడికి రాలేదమ్మా, ఈయనకు ఈ నాలుగు గంటలూ సాఫీగా గడిచేలా చూడటానికి వచ్చావు" అన్నారు. ఆ తరువాతే నీటి శుద్ధి, రక్తపోటు, యంత్రం అమరిక వంటివి శ్రద్ధగా నేర్చుకున్నాను, పని మీద ఇష్టమూ అప్పుడే పుట్టింది. అందుకే, అమ్మ వేళ్లను చూసి నువ్వు ఎంచుకున్న ఉద్యోగం కన్నా, అప్రెంటిస్‌ల దగ్గర నీకు కలిగే ఉత్సాహాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

రాజాం వాసి
నాది కొంచెం వేరే అభిప్రాయం. మేనమామ ఇంట్లో మాటలు పడుతూ పెరిగిన నాకు, గుమాస్తా ఉద్యోగం ఇచ్చిన నిశ్చింతే పెద్ద వరం. తృప్తి మాత్రం ఆదివారాలు హాస్టల్ పిల్లలకు లెక్కలు చెప్పడంలో దొరికింది. రెండూ ఒకే చోట దొరకాలన్న నియమం లేదు.

విజయనగరం ఐటీఐ మాస్టారు
మా నాన్న పనిచేసిన జూట్ మిల్లు మూతపడ్డాక నేను సంక్షేమ హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. ఫిట్టర్ ట్రేడ్ చేసి కొన్నాళ్లు వర్క్‌షాపులో పనిచేశాక, కేంద్ర ప్రభుత్వం ఐటీఐ బోధకుల కోసం నడిపే ఏడాది శిక్షణలో చేరాను. దానినే సీఐటీఎస్ అంటారు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఐటీఐ వారితో పాటు డిప్లొమా వారూ అర్హులే కాబట్టి, మీరు చదివిన చదువు వృథా పోదు.

అయితే నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. చేతిలో డబ్బు దాచుకోకుండా ఉద్యోగం మానేసినందువల్ల మా తమ్ముడి ఫీజు కట్టలేకపోయాను, వాడు ఆ ఏడాది చదువు ఆపేశాడు. వాడు ఏనాడూ నన్ను నిందించలేదు, కాని ఆ బాధ నాకు ఇంకా ఉంది. శిక్షణ కాలంలో ఇంటికి పంపవలసిన డబ్బును ముందుగా విడిగా దాచండి. అది చేతిలో ఉంటే ద్రోహమన్న ప్రశ్నే రాదు.

పలాస కుర్రాడు
అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీ మాటలు చదివాక నిన్న రాత్రి ధైర్యం చేసి అమ్మకు ఫోన్‌లో అంతా చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ ఏడాది నీ తిండి ఎలారా?" అని మాత్రం అడిగింది. తాను కడుతున్న చీటీ ఉగాదికి పూర్తవుతుందనీ, అందులో కొంత నాకు ఇస్తాననీ చెప్పింది. నేను వద్దన్నాను, ఆమె వినలేదు. చెల్లి డిగ్రీ వచ్చే వేసవికి పూర్తవుతుంది, దరఖాస్తు ఆ తరువాతే పెడతాను. మాస్టారూ, మెకానికల్ డిప్లొమా వారికి ఫిట్టర్, టర్నర్ ట్రేడ్‌లలో ఏది మేలో వీలున్నప్పుడు చెప్పగలరు.