గూస్‌నెక్ ట్రైలర్ కొందామనుకుంటున్నా, నా పికప్ మోస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నేను అమెరికాలో సొంతంగా ల్యాండ్ క్లియరింగ్, డర్ట్ వర్క్ చేస్తుంటాను, సాయానికి ఒక కుర్రాడు వస్తాడు అంతే. ఇన్నాళ్ళూ 14,000 పౌండ్ల బంపర్ పుల్ ట్రైలర్ (పికప్ వెనక బంపర్ దగ్గర తగిలించేది) మీద ఒక్కో మిషన్ తీసుకెళ్తున్నా. ఇప్పుడు ట్రాక్ లోడర్ 11,000 పౌండ్లది ఒకటి, మినీ ఎక్స్‌కవేటర్ 8,000ది ఒకటి ఉన్నాయి, ప్రతి సైటుకీ రెండు ట్రిప్పులు కొట్టాల్సొస్తోంది, సగం పొద్దు రోడ్డు మీదే పోతోంది. 25,900 పౌండ్ల రేటింగ్‌తో 32 అడుగుల గూస్‌నెక్ (వంగిన మెడతో పికప్ బెడ్‌లో, అంటే వెనక తొట్టిలో, ఉన్న బాల్‌కి తగిలించేది) ఒకటి చూశా, వెనక డ్యూయల్ చక్రాలు, టాండమ్ 10,000 యాక్సిళ్ళు, అంటే 10,000 పౌండ్లవి రెండు. రెండు మిషన్లూ కలిపితే 19,000 కాబట్టి ఇంకా చాలా మిగులుతుంది కదా అని నా లెక్క. బండి త్రీక్వార్టర్ టన్ తరగతి డీజిల్ పికప్, వెనక సింగిల్ చక్రాలే, జీవీడబ్ల్యూఆర్ (సొంత బరువు, లోడు కలిపి మించకూడని మొత్తం) 10,000. డీలరేమో లాగేస్తుందన్నా ఏం పర్లేదు అంటున్నాడు. ఈ లెక్క సరైనదేనా, లైసెన్స్ సంగతేంటి, తెలిసినవాళ్ళు చెప్పండి, తొందరపడి కొనదల్చుకోలేదు.

జవాబు 1:
తమ్ముడూ, అడిగి మంచి పని చేశావు. 25,900 అంటే దాని మీద ఎక్కించే బరువు కాదు, ట్రైలర్ సొంత బరువుతో కలిపి. ఆ సైజు ట్రైలర్ ఖాళీగానే 8,500 దాకా తూగుతుంది, అంటే నీకు మిగిలేది 17,400. నీ మిషన్లే 19,000, అక్కడికే దాటిపోయింది. ఇంక మల్చర్ (పొదలు, చెట్లు నరికి పొడి చేసే అటాచ్‌మెంట్) తగిలిస్తే అదొక్కటే 2,000 దాటుతుంది, చైన్లు, డీజిల్ డబ్బాలు కలిపితే మొత్తం 30,000 దగ్గరికి వస్తుంది.

ఇది ఒక ఎత్తు, అసలు సమస్య నీ బండి. లాగడం వేరు, మోయడం వేరు. ఇంజన్‌కి లాగే దమ్ముంటుంది, అందులో డౌట్ లేదు, కానీ గూస్‌నెక్‌లో ట్రైలర్ మొత్తం బరువులో 20 నుంచి 25 శాతం బాల్ మీద, అంటే నీ వెనక యాక్సిల్ మీద కూర్చుంటుంది. బంపర్ పుల్‌లో అది 10 నుంచి 15 శాతమే, అందుకే నీకు ఇప్పటిదాకా తెలియలేదు. 22,000 పౌండ్ల ట్రైలర్ అనుకో, 20 శాతం వేసుకున్నా 4,400. డ్రైవర్ డోర్ తీసి ఆ పక్కన అంటించిన స్టిక్కర్ చూడు, మనుషులు, సామాను కలిపి ఇంత మించకూడదు అని ఒక అంకె ఉంటుంది. త్రీక్వార్టర్ టన్ డీజిల్‌కి మామూలుగా అది 2,000 నుంచి 2,500 మధ్యలో ఉంటుంది. డీలర్ ట్రైలర్ అమ్ముతాడు, నీ స్టిక్కర్ చదవడు.

లైసెన్స్ సంగతి. బండి జీవీడబ్ల్యూఆర్, ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ కలిపి 26,001 అయి, ట్రైలర్ 10,000 దాటితే క్లాస్ ఏ సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) కావాలి. నీది 10,000 ప్లస్ 25,900, మొత్తం 35,900. ఖాళీ ట్రైలర్ లాగుతున్నా సరే, రేటింగ్ కలుపుతారు. రైతులకి సొంత పంట పనికి కొన్ని మినహాయింపులున్నాయి గానీ నువ్వు కూలికి పనిచేస్తున్నావు కాబట్టి అవి నీకు రావు. 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి క్లాస్ ఏ తీసుకునేవాళ్ళకి ముందుగా రిజిస్టరైన చోట ట్రైనింగ్ తప్పనిసరి, దానికి టైమ్ వేసుకో. సీడీఎల్ వద్దనుకుంటే నీ బండికి 16,000 ట్రైలరే హద్దు, అదేమో ఖాళీగానే 5,000 దాటుతుంది, నీ లోడర్ ఒక్కటే కష్టం మీద పడుతుంది.

జవాబు 2:
పైన అన్న చెప్పింది కరెక్టే, నేను మాత్రం చిన్నది కొని మళ్ళీ మార్చుకునే బదులు ఒకేసారి పెద్దది తీసుకోమంటాను, బండి మార్చడానికి సిద్ధమైతేనే సుమా. వన్ టన్ డ్యూయల్లీ (వెనక పక్కకి రెండేసి చక్రాలున్న పెద్ద పికప్) తీసుకోండి, దాని వెనక 25,900 ట్రైలర్ మీద లోడర్, మల్చర్ వేసుకుంటే 22,000 లోపల ఉంటారు. అయినా రెండు మిషన్లూ ఒకేసారి అంటే డ్యూయల్లీకి కూడా నేను ఒప్పుకోను, 30,000కి 20 శాతం అంటే 6,000, స్టిక్కర్ అంకె అయిపోయినట్టే.

కొత్తదైనా పాతదైనా కిందకి దూరి చూడండి. నేను నా మొదటి గూస్‌నెక్ సెకండ్ హ్యాండ్ తీసుకున్నా, పైన పెయింట్ కొత్తగా మెరిసిపోతుంటే సంతోషపడిపోయా. మూడో నెలలో కడుగుతుంటే మెడ వంపు మెయిన్ బీమ్‌కి కలిసే చోట వెల్డు పక్కనే సన్నటి తుప్పు గీత కనపడింది, వెంట్రుక అంత. గోటితో గీకితే పెయింట్ పొరలా లేచింది, కింద పగులు వేలెడు పొడుగు. ఆ వారంలోనే నేను దాని మీద ఎక్స్‌కవేటర్ తోలాను, ఇప్పటికీ తలుచుకుంటే చేతులు చల్లబడతాయి. పెయింట్ కొత్తగా ఉండి మిగతాదంతా పాతగా ఉంటే ఎందుకు వేశారో అడగండి. టైర్ పక్కన నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రెడ్ బాగున్నా ఏళ్ళు దాటితే ట్రైలర్ టైర్లు పక్కల్లో పగులుతాయి. ప్లేటు మీదున్న విన్ నంబరు (ట్రైలర్ గుర్తింపు నంబరు), కాగితం మీదున్నది ఒకటేనా అని పోల్చుకోండి, దొంగ ట్రైలర్లు చాలా తిరుగుతున్నాయి.

బ్రేకుల దగ్గర డబ్బులు చూసుకోకండి. ఎలక్ట్రిక్ డ్రమ్ చాలు అనేవాళ్ళున్నారు, సమతలం రోడ్లకి చాలు, కొండ దిగాలంటే ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు వేసుకున్నవాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళరు. కొత్త ట్రైలరైతే చక్రం నట్లు మొదటి 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి టార్క్ రెంచ్‌తో చూడాలి. నాకు 25 దగ్గర రెండు నట్లు సగం చుట్టు తిరిగాయి.

అడిగినవాడు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. వెళ్ళి స్టిక్కర్ చూశా, 2,310. ఇన్నేళ్ళు ఆ తలుపు తీసి వేస్తూ కూడా ఒక్కసారి చదవలేదు. ఇంకో విషయం, నాది చిన్న బెడ్, ఆరున్నర అడుగులది. డ్యూయల్లీ కూడా అలాంటిదే తీసుకుంటే పర్లేదా? ఇంకా మిషన్ ఎక్కించేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉన్నాయా, గూస్‌నెక్ నేనెప్పుడూ వాడలేదు.

జవాబు 3:
డ్యూయల్లీకి ఎనిమిది అడుగుల బెడ్ తీసుకోండి. చిన్న బెడ్‌లో మరీ మడిచి తిప్పితే ట్రైలర్ మూల వచ్చి క్యాబిన్ వెనక అద్దం పగలగొడుతుంది. బెడ్ పక్క గోడలకీ ట్రైలర్ మెడకీ మధ్య ఆరు అంగుళాలన్నా ఖాళీ ఉండేట్టు ఎత్తు సరిచూసుకోండి, లేకపోతే గతుకుల్లో తగులుతుంది.

ఎక్కించేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, ఎవరూ ముందుగా చెప్పరు. మిషన్ ర్యాంపు మీద ఉన్నప్పుడు బరువంతా ట్రైలర్ తోక మీద, అప్పుడు మెడ పైకి లేస్తుంది, మెడతో పాటు పికప్ వెనక భాగాన్ని లేపుతుంది. పార్కింగ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, అవే తేలిపోయాక బండి జారుతుంది. మా దగ్గర కొంచెం వాలులో ఆపి ఎక్కిస్తుంటే పికప్ నాలుగడుగులు ముందుకు పాకింది, లోడర్ ర్యాంపు మీదే ఉంది, డ్రైవర్ కుర్రాడు బకెట్ కిందకి ఆనించి ఆపాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నించి సమతలంగా ఉన్నచోటే, పికప్ ముందు చక్రాలకి కూడా అడ్డం పెట్టి, డవ్‌టెయిల్ (ట్రైలర్ వెనక వాలుగా దిగే భాగం) కింద మందపాటి చెక్క దుంగలు పెట్టిగానీ ఎక్కించం.

ఎక్కాక మిషన్ బరువు మధ్యభాగం యాక్సిళ్ళకి కొంచెం ముందుకు రావాలి. మిషన్ 10,000 దాటితే కనీసం నాలుగు చోట్ల కట్టాలని రూలు, కట్టిన చైన్ల రేటింగ్ మొత్తం మిషన్ బరువులో సగానికి తగ్గకూడదు. 3/8 అంగుళం గ్రేడ్ 70 చైన్‌కి 6,600 పౌండ్లు. చైన్లు మిషన్ మీద కట్టే రంధ్రాలకే వేయండి, ట్రాక్‌కో హైడ్రాలిక్ పైపుకో చుట్టకండి. బకెట్, బూమ్ కిందకి దించి వాటినీ కట్టాలి.

అడిగినవాడు:
ఆ ర్యాంపు సంగతి చదివి మా కుర్రాడికి వెంటనే చూపించా. ప్లాన్ మార్చుకుంటున్నా. ముందు సీడీఎల్ ట్రైనింగ్‌కి పేరిస్తా, అది చేతికొచ్చాకే ఎనిమిది అడుగుల బెడ్ డ్యూయల్లీ, 25,900 గూస్‌నెక్, దాని మీద లోడర్, మల్చర్. ఎక్స్‌కవేటర్‌ని మా కుర్రాడు ఇప్పుడున్న పికప్, పాత 14,000 ట్రైలర్ మీద తెస్తాడు, 10,000 ప్లస్ 14,000 కాబట్టి వాడికి సీడీఎల్ అక్కర్లేదు. ఒక్క ట్రిప్పులోనే రెండూ సైటుకొస్తాయి.

జవాబు 1:
ఇది కుదిరింది తమ్ముడూ. వాడికి కూడా మెడికల్ కార్డు (డ్రైవర్ ఆరోగ్య పరీక్ష పత్రం), బండికి డీఓటీ (రవాణా శాఖ) నంబరు సంగతి చూసుకో, కూలి పనికి రాష్ట్రాలు దాటి తిరిగితే మొత్తం 10,001 పౌండ్ల నుంచే అవి కావాలి. ఇంకోటి, ఆ పాత ట్రైలర్ మీద ఇన్నాళ్ళు లోడర్ మోశావు కదా, అది ఖాళీగానే 3,000 పైన ఉంటుంది, 11,000 పెడితే 14,000 దాటినట్టే. వాడి చేతికిచ్చే ముందు యాక్సిళ్ళు, స్ప్రింగులు, హబ్ బేరింగులు ఒకసారి విప్పించి చూపించు.

అడిగినవాడు:
ఈ శనివారమే విప్పిస్తా అన్నా.