అరకు ఘాట్‌లో వానలో 300 బ్రెవే: తొక్కినవాళ్లు చెప్పండి

పెందుర్తి_పెడల్:
అక్టోబరు చివర్లో నా మొదటి 300 బ్రెవే, అంటే గడువులోపు 300 కిలోమీటర్లు సైకిల్ తొక్కే రైడ్. విశాఖ నుంచి ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు వెళ్లి అదే దారిన వెనక్కి రావాలి. మిగిలిన 70 కిలోమీటర్లు భీమిలి వైపు. తెల్లవారుజామున 5కి మొదలు, గడువు 20 గంటలు. ఇప్పుడేమో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. 200లు మూడు చేశాను గానీ అన్నీ పొడి రోడ్డు మీదే. ఘాట్ ఎక్కడం అలవాటే, ఆదివారాలు త్యాడ దాకా వెళ్లొస్తుంటాను. మా పిన్ని కొడుకు కూడా నాతో వస్తున్నాడు, వాడికిది రెండో బ్రెవే. వానలో ఆ ఘాట్ తొక్కినవాళ్లు ఏం తీసుకెళ్లారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు? ఇప్పటిదాకా రెయిన్‌కోటు ఒక్కటే కొన్నాను.

గాలికొండ_గేరు:
తమ్ముడూ, ఎక్కేటప్పుడు వాన నిన్నేమీ చేయదు. ఒళ్లు వేడిగా ఉంటుంది, వేగం ఉండదు. అసలు కష్టమంతా దిగేటప్పుడే. నేను ఆ ఘాట్‌ని వానలో నాలుగుసార్లు దిగాను. మొదటిసారి గాలికొండ నుంచి దిగుతుంటే పది నిమిషాల్లో వేళ్లు మొద్దుబారాయి. బ్రేకు లివరు మీద వేలుందో లేదో కూడా తెలియలేదు, వంగి చూసుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నేను సర్దుకునేదంతా దిగుడు కోసమే.

రోడ్డు సంగతి: తెల్ల గీతల మీద తడిలో టైరు పట్టదు, మలుపులో వాటిని తొక్కకు. కొండవైపు నుంచి ఎర్రమట్టి నీళ్లు రోడ్డుకి అడ్డంగా పారుతుంటాయి, వాటి కింద చిన్న కంకర ఉంటుంది. రాలిన ఆకులు కూడా అంతే. మలుపు రాకముందే వేగం తగ్గించుకో, మలుపులో బ్రేకు పట్టకు. రైలు గేటు వస్తే పట్టాలని నిటారుగా దాటు. ఏటవాలుగా వెళ్తే చక్రం జారిపోతుంది. నా పక్కనే ఒకాయనకి అలాగే భుజం ఎముక విరిగింది.

చైన్‌నూనె:
మీ బ్రేకులు రిమ్మువా డిస్కువా? రిమ్ముకైతే కొత్త రబ్బర్లు వేయించండి. తడి రిమ్ము మీద మొదట నొక్కినప్పుడు బ్రేకు పడదు, రబ్బరు ముందు నీళ్లు తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. అందుకే దిగుడంతా మధ్యమధ్యలో తేలిగ్గా ఆనిస్తూ ఉండాలి. ఇసుక కలిసిన నీళ్లలో రబ్బరు ఎంత త్వరగా అరుగుతుందంటే, ఒక్క ఘాట్‌కే సగం పోయిన జత నా దగ్గరికొచ్చింది. డిస్కులకీ ప్యాడ్లు అరుగుతాయి. ఒక జత విడిగా పెట్టుకోండి.

ట్యూబులు రెండు తీసుకెళ్లండి. వానలో ప్యాచి అతకదు, ట్యూబు తడిగా ఉంటే సొల్యూషన్ పట్టదు. పైగా తడి రబ్బరుని గాజుముక్క సులువుగా కోసేస్తుంది, కాబట్టి పంచర్లు ఎక్కువ. కొత్త ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తడమండి. ముక్క అందులోనే ఉండిపోతే రెండో ట్యూబూ పోతుంది. టైర్లలో గాలి మామూలుకంటే కాస్త తక్కువ పెట్టండి. చైనుకి వానకాలం వాడే చిక్కటి నూనె వేయండి. పల్చటిది రెండు గంటల్లో కడుక్కుపోయి చైను కీచుమంటుంది.

గోదారిగట్టు:
రెయిన్‌కోటు గురించి ఒక మాట. మనవైపు ఉక్కకి అది వేసుకుని ఎక్కితే లోపల చెమటతోనే తడిసిపోతాం. నేను ఎక్కేటప్పుడు తడుస్తూనే ఎక్కుతాను. కోటు, ఒక పొడి బనీను పాలిథిన్ సంచిలో ముడేసి ఉంచుకుంటాను. పైకి చేరాక బనీను మార్చి కోటు తొడుక్కుని దిగుతాను. ఛాతీకి అడ్డంగా దినపత్రిక మడిచి పెట్టుకుంటే గాలి కొట్టదు. దారిలో ముద్రలు వేయించుకునే బ్రెవే కార్డుకి జిప్పు కవరు మర్చిపోవద్దు. కార్డు నానితే ముద్ర నిలవదు. తొడలకి పెట్రోలియం జెల్లీ పొద్దున ఒకసారి, అరకులో మళ్లీ ఒకసారి రాసుకోండి. తడి షార్ట్స్‌తో 300 అంటే చర్మం ఊడొస్తుంది.

పల్స్_సైక్లిస్ట్:
నేను డాక్టర్‌ని, బ్రెవేలూ తొక్కుతాను. గోదారిగట్టు గారు చెప్పింది సరైనదే, కానీ సన్నగా ఉన్నవాళ్లు ఎక్కేటప్పుడు కూడా మరీ తడవకండి. అరకు 900 మీటర్లపైన ఉంది, గాలికొండ ఇంకా ఎత్తు. తడి ఒంటికి గాలి తగిలితే మన వాతావరణంలోనైనా శరీరం చల్లబడిపోతుంది. ముందు వణుకు వస్తుంది. తర్వాత వేళ్లు మాట వినవు, జిప్పు వేసుకోలేరు. మాట ముద్దగా వస్తుంది. చివరికి వణుకు ఆగిపోతుంది. అప్పుడు 'తగ్గింది' అనుకోవద్దు, అదే ప్రమాదం. ఆ మనిషికి తనకేమవుతోందో తెలియదు. పక్కవాళ్లే గమనించాలి. మీ తమ్ముణ్ణి మాట్లాడిస్తూ ఉండండి. వాన కదా అని నీళ్లు మానొద్దు, తిండి అసలే మానొద్దు. తినకపోతే ఒంట్లో వేడి పుట్టదు. గ్లవ్స్ లోపల ఆస్పత్రిలో వాడే పల్చటి రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, ఖరీదు దాదాపు ఏమీ ఉండదు.

పెందుర్తి_పెడల్:
అందరికీ చాలా థ్యాంక్స్. టైము లెక్క కూడా చెప్తారా? వానలో నెమ్మదిగా దిగితే గడువు దాటిపోతుందేమోనని భయంగా ఉంది.

గాలికొండ_గేరు:
కంట్రోల్, అంటే కార్డు మీద ముద్ర వేసే చోటు, మూసేది గంటకి 15 కిలోమీటర్ల లెక్కన. అరకు 115 అనుకుంటే 7 గంటల 40 నిమిషాలు, అంటే మధ్యాహ్నం 12:40. ఎస్.కోట దాకా చదునే, అక్కడే నిమిషాలు కూడబెట్టు. ఆ కూడబెట్టినవి దిగుడులో ఖర్చుపెట్టు. పొగమంచులో ముందు పదడుగులు కనబడకపోతే దిగి నడిపించుకుంటూ పో, సిగ్గుపడకు. పగలైనా రెండు లైట్లూ వెలగాలి, రిఫ్లెక్టర్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. భీమిలి రోడ్డులో సముద్రపు గాలి ఎదురుకొడుతుంది, దానికి కొంచెం ఓపిక దాచుకో.

లీడ్స్_తెలుగు:
ఇంగ్లండ్ నుంచి. 2025 ఆగస్టులో లండన్-ఎడిన్‌బరా-లండన్‌ని, 1,500 కిలోమీటర్లు దాటిన రైడ్‌ని, ఫ్లోరిస్ తుఫాను గాలుల వల్ల నిర్వాహకులు మధ్యలోనే ఆపేశారు. దానికోసం ఏళ్ల తరబడి తయారైనవాళ్లు నాకు తెలుసు, ఎంత బాధపడ్డారో చూశాను. అయినా ఆ నిర్ణయం సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. మీ దగ్గర ఆపమని చెప్పేవాళ్లు పక్కన ఉండకపోవచ్చు. కంట్రోల్‌కీ కంట్రోల్‌కీ మధ్య మీకు మీరే దిక్కు. ఏం జరిగితే ఆగుతారో అన్నదమ్ములిద్దరూ ఇంట్లోనే మాట్లాడుకుని రండి. ఆగితే నిర్వాహకులకి వెంటనే ఫోన్ చేయండి, లేకపోతే రాత్రంతా మీకోసం వెతుకుతారు.

పెందుర్తి_పెడల్:
నిన్న తొక్కాం. పూర్తి చేయలేదు. ఏం జరిగిందో రాస్తున్నాను, రేపు ఇంకొకరికి పనికొస్తుంది.

ఎస్.కోట దాకా జల్లే. బొడ్డవర దాటాక గట్టిగా పట్టుకుంది. అరకు కంట్రోల్‌కి 11:55కి చేరాం, 45 నిమిషాలు చేతిలో ఉన్నాయి. వేడి ఉప్మా తిన్నాం, నేను బనీను మార్చుకున్నాను. తమ్ముడు 'నాకేం చలిలేదన్నయ్యా' అని మార్చుకోలేదు. నేను పట్టుబట్టి మార్పించాల్సింది.

గాలికొండ దగ్గర మబ్బు రోడ్డు మీదకి దిగింది. రెండు మలుపులు నడిచాం. అనంతగిరికి ముందు వాడు ఆగి కోటు జిప్పు లాగుతున్నాడు. జిప్పు వేళ్ల మధ్యే ఉంది, వేళ్లు మూసుకోవట్లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఏంట్రా అంటే ఏదో అన్నాడు, ముద్ద ముద్దగా. డాక్టర్ గారు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. పక్కనే టీ కొట్టు ఉంటే తీసుకెళ్లాను. కొట్టు అమ్మ ఏమీ అడగలేదు. తడి బట్టలు విప్పించి దుప్పటి కప్పి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది, బెల్లం టీ పట్టించింది. ముప్పావుగంటకి మామూలుగా మాట్లాడాడు. డబ్బులిస్తే టీకి మాత్రమే తీసుకుంది.

నా కాళ్లలో సత్తువ ఉంది, టైమూ ఉంది. కానీ వాణ్ణి ఒక్కణ్ణే పంపబుద్ధి కాలేదు. నిర్వాహకులకి ఫోన్ చేసి, ఎస్.కోట వైపు వెళ్లే జీపులో రెండు సైకిళ్లూ కట్టించి ఇద్దరం వచ్చేశాం.

పల్స్_సైక్లిస్ట్:
సరిగ్గా చేశారు. వేళ్లలో తిమ్మిరి పోయిందా? రెండ్రోజులైనా పోకపోతే చూపించండి. పొద్దున ఏం తిన్నాడు?

పెందుర్తి_పెడల్:
వేళ్లు బాగున్నాయండీ. పొద్దున రెండిడ్లీలే తిన్నాడట, అరకులో ఉప్మా కూడా సగం వదిలేశాడు. జనవరిలో ఇంకో 300 ఉందని అప్పుడే అడుగుతున్నాడు.

చైన్‌నూనె:
సైకిళ్లు అలాగే గోడకి ఆనించి పెట్టారా? ఇవాళే సీటు పోస్టు ఊడదీసి సైకిల్ తలకిందులుగా పెట్టండి, ఫ్రేములో నీళ్లుంటాయి. చైను ఆరబెట్టి నూనె వేయండి. బ్రేకు రబ్బర్లలో గుచ్చుకున్న ఇసుకని సూదితో తీసేయండి, లేకపోతే రిమ్ముని చెక్కేస్తాయి. పెందుర్తే కదా, ఆదివారం తీసుకురండి, జనవరిలోపు బేరింగులు కూడా విప్పి చూద్దాం.