సమస్యాపూరణం: పాకము చెడగానె పండుగాయె

ఈ వారం పాదం ఆటవెలదిలో నాలుగోది:

పాకము చెడగానె పండుగాయె

పై మూడు పాదాలు మీవి. విషయం చిన్ననాటి తీపి: ఇంట్లో కాచి, లాగి, పళ్ళెంలో పోసి ముక్కలు చేసినవి. జీళ్ళు, పల్లీపట్టీలు, చక్కెర బిళ్ళలు, ఏదైనా సరే. గణాలూ (గురులఘువుల గుంపులు), యతీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కుదిరితే చాలదు. పాకం ఎందుకు చెడింది, చెడి ఏమైంది, అది పండగ ఎలా అయింది అన్నది పద్యంలోనే తేలాలి. ముదిరిపోయిన బెల్లప్పాకాన్ని పారబోసే ఇల్లు నేనెరగను. అరిసెలకు పనికిరాకపోతే అందులో గుప్పెడు నువ్వులో వేరుశనగపప్పులో పడేవి, నెయ్యి రాసిన పళ్ళెంలోకి దిగేది. పెద్దలకు చెడినది పిల్లల వాటా. ఆ వాటా సంగతి చెప్పించుకోవాలనే ఈ పాదం ఇస్తున్నాను.

వరంగల్ సోదరి

అరిసె కొఱకు బెల్ల మవ్వ పొయ్యిని బెట్ట
మాట నడుమ తీగ మాయమయ్యె
పిల్లలెల్ల చేరి పేరంట మాడిరి
పాకము చెడగానె పండుగాయె

*నిర్వాహకుడు:* అమ్మా, నడక హాయిగా ఉంది. 'పేరంట మాడిరి' అనడంతో పిలవకుండానే వచ్చి పొయ్యి చుట్టూ కూర్చున్న పిల్లలంతా కనబడ్డారు. ఒక్క 'తీగ' దగ్గర ఆగాను. అరిసెలకు కావలసింది ఉండపాకం కదా. నీళ్ళలో చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తని ఉండ కట్టాలి, వెంటనే దించి తడిపిండి కలపాలి. తీగ దాటితేనే ఉండ వస్తుంది. అంటే తీగ మాయమవడం చెడడం కాదు, పాకం దారిలో పడడం. మీ 'మాట నడుమ' నాకు చాలా ఇష్టమైంది, దాన్ని వదలకుండా ఇలా అనవచ్చు:

మాట నడుమ నుండ మట్టు మీఱె

యతి మా, మ లకు అలాగే నిలుస్తుంది. పొయ్యి దగ్గర కబుర్లలో పడితే పాకం ఎంత గబుక్కున చేయిదాటుతుందో కూడా తెలుస్తుంది.

*వరంగల్ సోదరి:* మార్పు తీసుకుంటున్నానండీ. మా అవ్వ కూడా గిన్నెలో నీళ్ళు పెట్టుకుని ఉండ చూసేది. ఆ నీళ్ళలో పడిన చుక్కలన్నీ మావే.

శ్రీకాకుళం మాస్టారు

గుంజమేకు మీద గోధుమవన్నెది
లాగ లాగ వెండి లాగ మెఱసె
నువ్వులద్ది ముక్క నోటిలో వేయగా
పాకము చెడగానె పండుగాయె

*నిర్వాహకుడు:* మాస్టారూ, రెండో పాదం ఈ వారానికే ఆభరణం. మేకుకు తగిలించి సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీస్తుంటే గాలి చేరి ముదురు బెల్లం రంగు తెల్లబడుతుంది. జాతర్లలో జీళ్ళవాళ్ళ దగ్గర నోరు తెరుచుకుని చూసిన ప్రతివాళ్ళూ ఆ వెండిని గుర్తుపడతారు. కానీ సమస్య మాత్రం తీరలేదు. జీడికి ముదురుపాకమే కావాలి, కోరి ముదరబెట్టినదే. ఇందులో చెడినదేదీ? నాలుగో పాదం అతికించినట్టుంది.

*శ్రీకాకుళం మాస్టారు:* ఆక్షేపణ న్యాయమే. మొదటి పాదం మారుస్తున్నాను.

ముదిరె ననుచు తాత మోసి మేకున వేసి
లాగ లాగ వెండి లాగ మెఱసె

*నిర్వాహకుడు:* ఇప్పుడు తీరింది. ఇంట్లోవాళ్ళు 'ముదిరిపోయింది' అని వదులుకున్నదాన్ని తాత అందుకున్నాడు. ఆ ఒక్క మాటతో కథంతా వచ్చేసింది.

*డాలస్ సభ్యురాలు:* పద్యం రాయడం నాకింకా రాదు. ఒక సంగతి మాత్రం చెబుతాను. ఇక్కడ మా వంటింట్లో పంచదార పాకంలో థర్మామీటరు పెట్టి చూస్తుంటాను. ఉండపాకం 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది. పళ్ళెం మీద వేస్తే ఠంగుమనే పాకానికి 150 దాకా పోవాలి. ఉండపాకంలో నూటికి 15 వంతుల దాకా నీరు ఉంటుంది, ఠంగుమనేదానిలో ఒక వంతు మిగిలితే గొప్ప. నీరు తగ్గేకొద్దీ వేడి తొందరగా ఎక్కుతుంది, అందుకే చివర్లో అంత కంగారు. నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పంచదార మళ్ళీ పలుకు కట్టదు, బిళ్ళ అద్దంలా వస్తుంది. మా పిల్లలు దీన్ని టాఫీ అంటారు. నాకు మాత్రం అది అమ్మ చేతి పాకంబిళ్ళే.

*నిర్వాహకుడు:* తల్లీ, పూరణ రాసేవాళ్ళందరికీ పనికొచ్చే మాట చెప్పారు. 115కీ 150కీ మధ్యనే ఈ వారం పద్యాలన్నీ ఉన్నాయి.

బోధన్ నుంచి కొత్త సభ్యుడు

మాది ఒకప్పటి చక్కెర ఫ్యాక్టరీ ఊరు సార్. ఇదే నా మొదటి పద్యం.

పిప్పరమెంటు బిళ్ళ పేరెత్త నేటికి
సాటి వచ్చె నమ్మ చక్కె రుండ
పళ్లెమందు పోసి పగులగొట్టితి మంత
పాకము చెడగానె పండుగాయె

*నిర్వాహకుడు:* స్వాగతం బాబూ. రెండు, మూడు పాదాల్లో గణాలూ యతీ నిర్దుష్టంగా ఉన్నాయి. మొదటి పద్యానికి ఇది చిన్న విషయం కాదు. సాకూ చకూ యతి వేయడం తెలిసే చేశారు. మొదటి పాదం చూడండి. 'పిప్ప' హగణం (గురువు, లఘువు), బాగుంది. తర్వాత 'రమెంటు' జగణమైంది (లఘువు, గురువు, లఘువు); అక్కడ సూర్యగణమే, అంటే నగణమో హగణమో, రావాలి గనక అది కుదరదు. పిప్పరమెంటు అనే మాటను ఆటవెలదిలో ఎక్కడ పెట్టాలంటే ఇంద్రగణాలు మొదలయ్యే నాలుగో గణం దగ్గర. అక్కడ 'పిప్పర' భగణమై ఒదిగిపోతుంది:

పేట కొట్టులోని పిప్పరమెంటుకు
సాటి వచ్చె నమ్మ చక్కె రుండ

మాట మీదే, చోటు మారింది. ఇక 'పగులగొట్టితి మంత' దగ్గర నాకు ఆ చప్పుడు వినబడింది. పళ్ళేన్ని బోర్లించి గుద్దితే చెల్లాచెదురైన ముక్కలు, పెద్దది ఎవరికన్న తగవూ. ఆ తగవు మీద ఇంకో పద్యం రాయండి, మీ చేతిలో వస్తుంది.

తెనాలి పెద్దాయన

ద్రాక్షపాక మనుచు తలపోసి మొదలిడ
నారికేళ మగుచు నడక ముదిరె
పగుల గొట్టి చదువు బాలుని మోముపై
పాకము చెడగానె పండుగాయె

*నిర్వాహకుడు:* అయ్యా, పాకాన్ని పొయ్యి మీంచి కవిత్వంలోకి తీసుకుపోయారు; అక్కడ ద్రాక్షపాకమంటే చదవగానే తెలిసే శైలి, నారికేళపాకమంటే కష్టపడితేగానీ అందని శైలి. నోట్లో వేసుకోగానే కరిగే ద్రాక్షను కోరితే కొబ్బరికాయ దొరికింది, కుర్రవాడు దాన్నీ వదల్లేదు. సమస్య పూర్తిగా తీరింది, ఛందస్సులో వేలు పెట్టే చోటే లేదు. అయినా మనసులో మాట చెబుతాను: ఈ వారం అడిగిన తీపి ఇందులో నాలుకకు తగల్లేదు. విడిగా చూస్తే చాలా మంచి పద్యం.

అనకాపల్లి సోదరి

ఎఱిగి యెఱిగి మామ్మ యేమఱి నట్లుండె
మనుమరాలి కంటి మాట వినుచు
అడుగుముక్క గీకి యాకున బెట్టగా
పాకము చెడగానె పండుగాయె

*తెనాలి పెద్దాయన:* కావాలనే ముదరనిస్తే అది చెడడమెలా అవుతుందమ్మా? ఇందాక మాస్టారి జీడికి వేసిన ఆక్షేపణ దీనికీ వర్తిస్తుంది కదా.

*అనకాపల్లి సోదరి:* బాబాయిగారూ, మా అమ్మకీ అత్తలకీ అది చెడిన పాకమే. 'మళ్ళీ ముదరబెట్టేశావా' అని మామ్మను కేకలేసేవారు. బెల్లం మార్కెట్టు ఊళ్ళో పుట్టి, దిమ్మ చూసి అది ఎలాంటి పాకానికొస్తుందో చెప్పగల మనిషి ఆవిడ. ఆవిడకు పాకం తెలియక ముదురుతుందా? మాట పడేది గానీ, నా పేరు ఎత్తేది కాదు.

*తెనాలి పెద్దాయన:* ఆక్షేపణ వెనక్కి తీసుకున్నాను.

*నిర్వాహకుడు:* నేనూ అదే రాయబోతున్నాను. మిగతా పద్యాల్లో పాకం దానంతట అది చెడింది. ఇందులో ఒక మనిషి తన పేరు చెడినా సరేనని పాకం చెడనిచ్చింది. 'ఏమఱినట్లుండె' అన్న చోట ఆ 'అట్లు' లేకపోతే పద్యమే లేదు. 'గీకి' వాడుక మాట గదా అని ఎవరైనా అనవచ్చు. మూకుడు అడుగున అంటుకున్న పాకానికి అంతకంటే సరైన మాట నాకు తోచదు, మార్చనివ్వను. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

వచ్చే వారానికి తేటగీతి పాదం, యతి నాలుగో గణం మొదట:

తేనె చేదయ్యె నుప్పేమొ తీపి యయ్యె

బోధన్ అబ్బాయి తగవు పద్యం కూడా అప్పటికి పంపాలి.