బుగ్గల మీద మొటిమల గుంటలు: 8 లేజర్ సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టేయాలా?

అనంత_బీటీఎం:

నమస్తే అందరికీ. మాది అనంతపురం. నాకు 26. నాలుగేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం, బీటీఎం రెండో స్టేజీలో పీజీలో ఉంటున్నా. ఇంటర్ నుంచీ మొటిమలున్నాయి. చేతులు ఊరుకోక గిల్లేదాన్ని, అది నా తప్పే, ఒప్పుకుంటా.

మా ఆఫీసు లిఫ్టులో లైటు సరిగ్గా నడినెత్తి మీద ఉంటుంది. పీజీ బాత్రూం అద్దంలో బాగానే కనిపించే మొహం, లిఫ్టు అద్దంలోకి వచ్చేసరికి బుగ్గల నిండా గుంటలే. ఆరు నెలలుగా లిఫ్టు మానేసి నాలుగు అంతస్తులూ మెట్లెక్కి పోతున్నా. వీడియో కాల్‌లో కిటికీ పక్కన కూర్చోవాల్సి వస్తే కెమెరా ఆపేస్తున్నా. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నిమ్మరసంలో తేనె కలిపి రాయమంటుంది. పిన్నేమో పెళ్లయితే అవే పోతాయంటుంది.

పోయిన శనివారం ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లా. డాక్టర్ రెండు నిమిషాలు చూశారు. తర్వాత కౌన్సెలర్ అనే ఆమె గదిలో కూర్చోబెట్టి 8 లేజర్ సిట్టింగులు, 72,000 అంది. ఈ వారంలోపు మొత్తం కట్టేస్తే 60,000కే చేస్తారట. ఇప్పుడు గడ్డం దగ్గర చీము మొటిమలు అయిదారు కొత్తగా ఉన్నాయి. బుగ్గల మీద గుంటలతో పాటు గోధుమరంగు మచ్చలు కూడా చాలా ఉన్నాయి. లేజర్‌తో ఇవన్నీ పోతాయా? డబ్బు కట్టేయాలా? ఇలాంటిది చేయించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

కర్నూలోడు_ఈసిటీ:

చెల్లీ, డబ్బు కట్టొద్దు. ముందు ఈ మాట చెప్పేస్తే నాకు నిశ్చింత. మిగతాది నిదానంగా రాస్తా.

గడ్డం మీద కొత్త మొటిమలు ఉన్నాయన్నావు కదా, నీ అసలు సమస్య అక్కడుంది. చీము మొటిమ లోతుగా వాచినప్పుడు చర్మం లోపలి పొరలో కొల్లాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే ప్రోటీన్, దెబ్బతింటుంది. ఒళ్లు దాన్ని బాగుచేసుకునేటప్పుడు తక్కువ నింపితే గుంట, ఎక్కువ నింపితే ఉబ్బెత్తు మచ్చ. వాపు ఎన్నాళ్లుంటే మచ్చకు అంత బలం. గిల్లితే చీము లోపలికే చిట్లి వాపు ఇంకా పాకుతుంది. అంటే ఇప్పుడున్న ఆ అయిదారు మొటిమల్లో ప్రతిదీ రేపటి గుంట కావచ్చు. అవి వస్తుండగా పైన లేజర్ చేయించుకోవడమంటే ఇల్లు కారుతుండగా గోడలకు సున్నం కొట్టించడమే. నాకు చేసిన డాక్టరమ్మ కొత్త మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా సూది కూడా పట్టలేదు.

ఇంకోటి. నువ్వు మచ్చలు, గుంటలు అని రెండు మాటలు వాడావు. అవి నిజంగానే రెండు వేరు వేరు. కళ్లు మూసుకుని బుగ్గ మీద వేలితో మెల్లగా తడుము. వేలికి ఏమీ తగలకుండా రంగు మాత్రమే తేడాగా ఉన్నవి గాయం మానాక మిగిలిన నలుపు. మన రంగు చర్మానికి అది ఎక్కువ. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఎండ తగిలితే మాత్రం వెనక్కి తిరిగి నల్లబడుతుంది. బెంగళూరులో చల్లగా ఉంది కదా అని ఎవరూ సన్‌స్క్రీన్ రాయరు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, మబ్బు పట్టినా అతినీలలోహిత కిరణాలు దిగుతూనే ఉంటాయి. ఎస్పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువది గానీ రాయి. రంగు కలిపినది, ఐరన్ ఆక్సైడ్ ఉన్నది అయితే మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపును కూడా కొంత ఆపుతుంది.

వేలికి పల్లంగా తగిలేవి గుంటలు. నువ్వు తప్పించుకు తిరుగుతున్న ఆ లిఫ్టు లైటే వాటిని చూడటానికి సరైన లైటు. డాక్టర్లు కూడా ఏటవాలు వెలుతురులోనే చూస్తారు. రెండు వేళ్లతో చర్మాన్ని పక్కలకు లాగి చూడు. లాగితే మాయమయ్యేవి ఒక రకం, లాగినా అలాగే ఉండేవి ఇంకో రకం. పేర్లు మూడున్నాయి. ఐస్‌పిక్ అంటే సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండేది, పైన వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపే. బాక్స్‌కార్ అంటే అంచులు నిటారుగా, అడుగు చదునుగా ఉండే పల్లం. రోలింగ్ అంటే అలలాగా ఉండే వెడల్పాటి పల్లం, దాని కింద పీచులు చర్మాన్ని లోపలికి లాగి పట్టుకుని ఉంటాయి. ఈ మూడింటికీ ఒకే మందు లేదు. అందుకే రెండు నిమిషాలు చూసి 8 లేజర్లు అని రాసిచ్చారంటే నాకు నమ్మకం కుదరదు.

నా సంగతి చెబుతా. నాకిప్పుడు 34. ఇంటర్ హాస్టల్లో రాత్రిళ్లు ఒకరి మొటిమలు ఒకరు చిదుముకునేవాళ్లం. 27 ఏళ్లప్పుడు ఒక చోట ఏప్రిల్ నెలలో లేజర్ చేశారు. చేశాక ఎండ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. వారం తిరక్కుండా బండి మీద ఎలక్ట్రానిక్ సిటీ తిరిగాను. రెండు బుగ్గలూ గళ్లు గళ్లుగా నల్లబడ్డాయి. అది పోవడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలు నేను ఊరికి కూడా పోలేదు. ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్, అంటే చర్మాన్ని సన్నని చుక్కలు చుక్కలుగా కాల్చే లేజర్, చెడ్డదని కాదు, మన రంగుకు ఈ నలుపు ముప్పు ఎక్కువ, చేసేవాళ్లకు ఆ సంగతి తెలిసుండాలి.

తర్వాత రెండేళ్లకు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లా. పక్కనుంచి లైటు వేసి, పెన్నుతో మొహం మీద గుర్తులు పెట్టి, ఏ గుంటకు ఏది అని విడగొట్టి చెప్పింది. అలల్లాంటి వాటికి సబ్‌సిషన్. మత్తు ఇచ్చి, చర్మం కిందికి సూది పోనిచ్చి ఆ పీచుల్ని తెంపుతారు. నొప్పి తెలియదు గానీ పీచు తెగే చిటచిట చప్పుడు మాత్రం వినిపిస్తుంది. వారం పైన బుగ్గ కమిలిపోయి ఉంటుంది. సూదిపోటు గుంటలకు టీసీఏ క్రాస్ అని, గాఢమైన ఆమ్లాన్ని పుల్లమొనతో గుంటలో మాత్రమే చుక్క పెడతారు. క్షణాల్లో తెల్లగా మారుతుంది, పొక్కు కట్టి వారంలో రాలిపోతుంది. నెలకొకటి చొప్పున నాలుగుసార్లు చేశారు. ఆ తర్వాత మైక్రోనీడ్లింగ్, అంటే సన్నని సూదులతో చర్మమంతా చిన్న చిన్న పోట్లు పొడవడం. చర్మం పైపొర చాలావరకు నిలిచే ఉంటుంది కాబట్టి నలుపు భయం లేజర్ కంటే తక్కువ. ఏ సిట్టింగుకు డబ్బు ఆ రోజే కట్టాను. ఏడాదిన్నర పట్టింది. సగం పైన తగ్గాయి. పూర్తిగా పోలేదు, పూర్తిగా పోతాయని చెప్పేవాళ్లను నమ్మొద్దు. సిట్టింగు అయ్యాక కూడా కొల్లాజెన్ నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి పెళ్లిచూపుల తేదీ చూసుకుని తొందరపడితే లాభం లేదు.

సూదులుండే రోలర్ కొనుక్కుని ఈ మైక్రోనీడ్లింగ్ పీజీలో నువ్వే చేసుకోవద్దు. చీము మొటిమల మీద అది తిప్పితే ఇన్‌ఫెక్షన్ మొహమంతా పాకవచ్చు.

మారతహళ్లి_మందులషాపు:

కర్నూలు అన్న రాసింది సరిగ్గా ఉంది. నేను ఫార్మసిస్టును, షాపులో రోజూ చూసేది చెబుతానమ్మా.

మొటిమలకని, తెల్లబడటానికని ఫోన్లో ఒక క్రీము ఫొటో చూపించి అదే కావాలంటారు. చూస్తే అందులో మొమెటాసోన్ లేదా బీటామెథాసోన్, అంటే స్టెరాయిడ్. వారంలో మొహం మెరుస్తుంది. నెలలు గడిచాక చర్మం పల్చబడుతుంది, ఎర్రబడుతుంది, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి, మానేస్తే మొటిమలు రెట్టింపై తిరగబడతాయి. 2018లో ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, చీటీ లేకుండా అమ్మకూడదు. నేను లేదంటే పక్క వీధిలో అడుగుతారు. నువ్వు గనక అలాంటిది వాడుతూ ఉంటే ఉన్నట్టుండి ఆపేయకుండా డాక్టరుకు ట్యూబు చూపించు.

నిమ్మరసం మాత్రం వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టై నల్లమచ్చ మిగులుతుంది. అమ్మకు నొచ్చకుండా సర్దిచెప్పు.

డాక్టరు అడాపలీన్ అనే మొటిమల జెల్ రాస్తే రాత్రిపూట, మొహం బాగా ఆరాక, మొత్తం మొహానికి బఠాణీగింజంత. మొటిమ మీద చుక్కలు పెట్టేది కాదది. మొదటి రెండు మూడు వారాలు పొట్టు లేస్తుంది, దానికి భయపడి చాలామంది ఆపేస్తారు. అందులో బెంజాయిల్ పెరాక్సైడ్, అంటే మొటిమల బ్యాక్టీరియాను చంపే మందు, కూడా ఉంటే తువ్వాలు, దిండు గలీబు రంగు వెలుస్తాయి, తెల్లవి వాడుకో. అడాపలీన్ 0.3 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం కలిసిన జెల్ ఆరు నెలలు వాడినవాళ్లలో కొత్త గుంటలు తగ్గాయని పరీక్షల్లో తేలింది. మంచి మొటిమల మందే మచ్చలకు ముందుమందు అని నేను అందరికీ చెబుతుంటా.

నెల్లూరు_సిస్టర్:

అమ్మాయ్, నేను స్టాఫ్ నర్సుని, ఇక్కడ శివాజీనగర్ వైపు ఉంటా. ఒక్క విషయం ఎవరూ రాయలేదు, సంబంధాలు చూస్తున్నారన్నావు కాబట్టి తప్పకుండా చెప్పాలి.

మొటిమలు మొండివైతే డాక్టర్లు ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తారు. చాలా బాగా పనిచేస్తాయి. పెదాలు పగులుతాయి, లివర్‌కి, కొవ్వులకి రక్తపరీక్షలు చేయిస్తారు, అవన్నీ ఓర్చుకోవచ్చు. కానీ ఆ మాత్రలు వాడుతుండగా గానీ, ఆపిన తర్వాత ఒక నెలలోపు గానీ కడుపు రాకూడదు. బిడ్డకు తీవ్రమైన అవయవలోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. పెళ్లి కుదిరితే ఆ రోజే డాక్టరుకు చెప్పు. సిగ్గుపడొద్దు. పెళ్లయితే మొటిమలు పోతాయన్న మీ పిన్ని మాటకు ఆధారమేమీ లేదు, దాన్ని నమ్మి చికిత్స ఆపొద్దు.

ఆ మాత్రలు మానేశాక ఆరు నెలలదాకా సూది ముట్టకూడదని ఇదివరకు గట్టిగా అనేవాళ్లు. 2017లో నిపుణుల మార్గదర్శకాలు వచ్చాక మైక్రోనీడ్లింగ్ లాంటివాటికి అంత ఆగక్కర్లేదంటున్నారు. నీకేది అన్నది నీ డాక్టరే చెప్పాలి.

డబ్బు ఇబ్బందైతే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి బౌరింగ్ అండ్ లేడీ కర్జన్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకో. వరసలో నిలబడాలి గానీ ప్యాకేజీ అమ్మేవాళ్లుండరు. దవడ కింద, భుజాల మీద, ఛాతీ మీద ఉబ్బెత్తు మచ్చలేమైనా ఉంటే అవి కూడా చూపించు. వాటికి మచ్చలోకే ఇంజెక్షన్ ఇస్తారు, అలాంటి చర్మానికి సూదిగాయమైనా మళ్లీ ఉబ్బెత్తు మచ్చ కట్టవచ్చు, ఆ సంగతి తేల్చుకోకుండా కొత్త గాయాలు చేయించుకోకూడదు.

అనంత_బీటీఎం:

అన్నకి, అక్కకి, మందుల షాపు అంకుల్‌కి చేతులెత్తి దండం. మూడున్నర నెలల తర్వాత రాస్తున్నా, క్షమించండి.

డబ్బు కట్టలేదు. సెలవు పెట్టి ఓపీలో చూపించుకున్నా. కుడి బుగ్గ మీద ఉన్నవాటిలో చాలావరకు ఒట్టి రంగేనట. ఎడమ బుగ్గ మీద అలల్లాంటివి ఏడో ఎనిమిదో, కణతల దగ్గర సూదిపోట్లు నాలుగు. ఆరు వారాలు మాత్రలు, రాత్రికి జెల్, పగలు సన్‌స్క్రీన్. రెండో వారంలో పొట్టు లేస్తే అంకుల్ మాట గుర్తుపెట్టుకుని ఆపలేదు. నెలన్నరగా కొత్త చీము మొటిమ ఒక్కటీ రాలేదు. ప్రతినెలా 1వ తేదీన ఆఫీసు లిఫ్టులో అదే లైటు కింద ఫొటో తీసుకుంటున్నా. గోధుమరంగు సగం తగ్గింది. గుంటలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

వచ్చే శుక్రవారం ఎడమ బుగ్గకు మొదటి సబ్‌సిషన్. ఒక్కదాన్నే వెళ్తున్నా. స్కూటీ మీద పోయి రావచ్చా?

కర్నూలోడు_ఈసిటీ:

స్కూటీ వద్దమ్మా. హెల్మెట్ సరిగ్గా ఆ బుగ్గకే ఒత్తుకుంటుంది. ఆటోలో వెళ్లి ఆటోలోనే రా. ఆస్పిరిన్ లాంటి మాత్రలేమైనా వేసుకుంటుంటే ముందే డాక్టరుకు చెప్పు, కమిలేది ఎక్కువవుతుంది. సోమవారానికి కూడా ఆ కములు ఉంటుంది, వీలైతే ఆ వారం ఇంటి నుంచి పని అడుగు. శుక్రవారం సాయంత్రం ఎలా ఉందో ఇక్కడ ఒక ముక్క రాయి.