పాత కంప్యూటర్లన్నిటికీ లినక్స్ వేస్తే ప్రెస్ భద్రమేనా?

అచ్చుపని_గుంటూరు:
మాది శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేసే చిన్న ప్రెస్. ఎనిమిది కంప్యూటర్లు. రెండింటిలో విండోస్ 7, వాటిలోనే పేజీలు కూర్చే పేజ్‌మేకర్, 'అను' తెలుగు ఫాంట్లు. ఐదింటిలో విండోస్ 10. విండోస్ 11 వేద్దామంటే వాటిలో ఒక్కటీ పనికిరాదట. డిజైన్ చేసే అమ్మాయి దగ్గర మ్యాక్ ఉంది. అన్నీ ఒకే రూటర్ మీద, ఒకే షేర్డ్ ఫోల్డర్‌తో నడుస్తాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా. అన్నిటికీ లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసెయ్యమని మా బావమరిది పోరు, ఇక వైరస్ ఊసే ఉండదట. సిస్టమ్స్ బాగుచేసే అబ్బాయేమో మంచి యాంటీవైరస్ కొంటే చాలంటాడు. మీరేమంటారు?

పెంగ్విన్_పక్షం:
మీ బావమరిదికే నా ఓటు. ఆఫీసు కంప్యూటర్లను పట్టే వైరస్‌లలో అత్యధికం విండోస్ కోసం రాసినవే. లినక్స్‌లో మామూలు ఖాతాతో పనిచేసేవారికి సిస్టమ్ ఫైళ్ల జోలికి వెళ్లే అధికారం ఉండదు. డీటీపీ సెంటర్లలో జరిగేది అందరికీ తెలిసిందే: డబ్బు పెట్టి కొనని సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి యాంటీవైరస్ ఆపేస్తారు, మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. 2017 మేలో వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. అది పట్టింది విండోస్‌నే.

గేట్‌వే_కాపలా:
వన్నాక్రై పేరెత్తారు కాబట్టి మిగతా కథ కూడా చెప్పాలి. అది దూరిన కంతను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే పూడ్చింది. దాడి మే 12న. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకున్నవాళ్ల మీదికి అది ఆ దారిన రాలేకపోయింది. అదే మే నెలలో లినక్స్ వాళ్ల సాంబాలోనూ దాదాపు అలాంటి కంతే బయటపడింది. 2010 నాటి 3.5 వెర్షన్ నుంచీ ఎవరి కంటా పడకుండా ఉంది. లినక్స్‌కు మారాక మీ షేర్డ్ ఫోల్డర్‌ను నడిపేది ఆ సాంబాయే.

అసలు మీ ప్రెస్‌లో లినక్స్ ఇప్పటికే ఉండి ఉంటుంది, ఆ రూటర్‌లో! 2016లో మిరాయ్ అనే వైరస్ వచ్చి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని లినక్స్ కెమెరాలను, రూటర్లను పోగేసింది. అక్టోబర్ 21న వాటితో, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థ సర్వర్లను ముంచెత్తితే అమెరికాలో చాలామందికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. మీ రూటర్ పాస్‌వర్డ్ ఎవరైనా మార్చారా?

మ్యాక్_మనిషి:
ఆ అమ్మాయి మ్యాక్‌ను కూడా లెక్కలో వేసుకోండి. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ దాదాపు ఆరు లక్షల మ్యాక్‌లను పట్టింది. అది దూరింది జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండా. దాన్ని జావా తయారీదారు ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సరిచేసినా, యాపిల్ తనవాళ్లకు ఏప్రిల్ దాకా అందించలేదు.

పెంగ్విన్_పక్షం:
లినక్స్‌లో తప్పులు లేవని నేనెక్కడ అన్నాను? తప్పు దాగదు అంటున్నాను. 2024 మార్చిలో లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగదారి బయటపడింది. లాగిన్‌కు అర సెకను అదనంగా పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వి పట్టుకున్నారు. సోర్స్ కోడ్ అందరి ముందూ ఉండబట్టే కదా!

గేట్‌వే_కాపలా:
ఆ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి అని కూడా రాసి ఉంటే బాగుండేది. దొంగదారి పెట్టిన మనిషి రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు (కోడ్‌కు సవరణలు) పంపి, నమ్మకం సంపాదించి, ప్రాజెక్టు పగ్గాలు అందుకున్నాడు. ఇంకొకరి ఓపిక వల్ల దొరికిపోయాడు. అలాంటి ఓపికను నమ్ముకుని ప్రెస్ నడపమనలేను.

పేజ్‌మేకర్_పాతకాపు:
మీరిద్దరూ అమెరికా దాకా వెళ్లారు, ప్రెస్‌కు ముప్పు వచ్చేది మాత్రం కౌంటర్ దగ్గర. కస్టమర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు. తెరిస్తే "పెళ్లి కార్డు" అని ఫోల్డర్ కనిపిస్తుంది. ఐకాన్ మూలన చిన్న బాణం, సైజు చూస్తే ఒకటి రెండు కేబీలు. అది షార్ట్‌కట్, అసలు ఫోల్డర్‌ను వైరస్ దాచేసి ఉంటుంది. దాన్ని నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. పని జరిగిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అదే పెన్‌డ్రైవ్‌ను లినక్స్‌లో పెడితే రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, నొక్కినా ఆ వైరస్ నడవదు. ఇంతవరకు పెంగ్విన్ గారిదే పైచేయి. కానీ ఆపరేటర్ అన్నిటినీ కలిపి కాపీ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేస్తే? పక్క గదిలోని విండోస్ 7లో ఎవరో ఒకరు నొక్కుతారు. లినక్స్‌కు జబ్బు చేయలేదు సరే, ఇంట్లోకి మోసుకొచ్చింది అదే.

పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త తరం రాలేదు. పాత శుభలేఖలన్నీ అందులోనే, అదీ యూనికోడ్ కాని (ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే అక్షరాలు చదవరాని) ఫాంట్లలో ఉంటాయి. ఆ రెండు కంప్యూటర్లను వదిలించుకోమనడం బావమరిదికి తేలికే.

గేట్‌వే_కాపలా:
పాతకాపు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) ఒక్క విండోస్ కంప్యూటర్‌లో దూరినా, షేర్డ్ ఫోల్డర్‌లో రాసే అనుమతి దానికి ఉంటే అక్కడి ఫైళ్లకూ తాళం వేస్తుంది. ఫోల్డర్ లినక్స్ మీద ఉన్నా ఒకటే. సర్వర్‌కు అది ఎవరో ఫైలు సేవ్ చేసుకుంటున్నట్టే కనిపిస్తుంది.

నేనైతే విండోస్ 7 రెండింటికీ ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి, పాత శుభలేఖల ఫోల్డర్‌ను వాటికి చదవడానికి మాత్రమే ఇస్తాను. పెన్‌డ్రైవ్‌లు తీసుకునే కౌంటర్ కంప్యూటర్‌కు లినక్స్ వేసి, అక్కడినుంచి పనికొచ్చే ఫైళ్లను మాత్రమే లోపలికి పంపిస్తాను. ఎస్‌ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) అన్నిచోట్లా ఆపేస్తాను. సాయంత్రం బ్యాకప్ అయ్యాక డిస్కు పీకి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

అచ్చుపని_గుంటూరు:
మరి యాంటీవైరస్? ట్యాలీ ఒక విండోస్ 10లో ఉంది, దాన్నేం చేయాలి?

పెంగ్విన్_పక్షం:
2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ చేసిన నిర్వాకం మరిచిపోయారా? రక్షణ కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేరే 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది.

గేట్‌వే_కాపలా:
ఒక అప్‌డేట్ తప్పిందని యాంటీవైరస్ మానేస్తామా? ఉండనివ్వండి. ఆగిపోయిన విండోస్ అప్‌డేట్లకు అది బదులు మాత్రం కాదు. ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆ ఒక్కదానికి పొడిగింపు అప్‌డేట్లు కొనండి. వ్యాపార సంస్థలకు మొదటి ఏడాది కంప్యూటర్‌కు 61 డాలర్లు.

పెంగ్విన్_పక్షం:
ఏటా రెట్టింపవుతుందని కూడా చెప్పండి! రెండో ఏడు 122, మూడో ఏడు 244, ఆ తర్వాత అదీ ఉండదు. ఆ డబ్బు కొత్త కంప్యూటర్‌కు పెట్టుకోవడం మేలు.

అచ్చుపని_గుంటూరు:
మా ఆడిటర్ గారు ట్యాలీ డేటానే అడుగుతారు, తప్పేలా లేదు. ముందు కౌంటర్ కంప్యూటర్‌తో మొదలుపెడతాను. ఎస్‌ఎంబీ 1 ఈ రాత్రికే ఆపేయనా?

గేట్‌వే_కాపలా:
ఆగండి. మీ జిరాక్స్ మెషీన్ స్కాన్లను నేరుగా ఆ ఫోల్డర్‌లోకి పంపుతుందా? పాత మెషీన్లలో చాలా వాటికి ఎస్‌ఎంబీ 1 తప్ప వేరేది రాదు. ముందు దాని మోడల్ ఏమిటో ఇక్కడ రాయండి.