టెర్మినల్ ట్యాబ్‌ల స్క్రిప్టా, టీమక్సా? కొత్తవాళ్లకి ఏది ఇవ్వాలి?

ఉప్పల్_కోడర్:
మాది మాదాపూర్‌లో చిన్న టీమ్, అందరివీ ఉబుంటు లాప్‌టాప్‌లే. పొద్దున రాగానే నాలుగు ట్యాబ్‌లు కావాలి: బ్యాకెండ్, ఫ్రంటెండ్, లాగ్‌లు, టెస్ట్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్ ద్వారా సర్వర్‌లోకి లాగిన్). ఒక్క కమాండ్ కొడితే నాలుగూ పేర్లతో సహా తెరుచుకునేలా గ్నోమ్ టెర్మినల్‌కి (మేం కమాండ్‌లు కొట్టే విండో) బాష్ స్క్రిప్ట్, అంటే కమాండ్‌ల ఫైల్, రాసి, కొత్తగా చేరేవాళ్లకి ఇద్దామనుకుంటున్నా. మా సీనియర్ మాత్రం టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా సెషన్లు నడిపే ప్రోగ్రామ్) నేర్పమంటున్నారు. మీరేమంటారు?

కూకట్‌పల్లి_అడ్మిన్:
మీ సీనియర్ చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. ఇంట్లో కూర్చుని ఆ ఎస్‌ఎస్‌హెచ్ ట్యాబ్‌లో డేటా మైగ్రేషన్ పెట్టావనుకో. గాలివాన వచ్చి కరెంటు పోయింది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, రౌటర్‌కి లేదుగా. కనెక్షన్ తెగితే అందులో నడుస్తున్న పని కూడా సగంలో ఆగిపోతుంది. అదే సర్వర్ మీద టీమక్స్‌లో మొదలుపెడితే సెషన్ అక్కడే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి అటాచ్ చేసుకుంటే చాలు.

మణికొండ_దేవి:
అన్నా, అది సర్వర్ పని సంగతి. తను అడిగింది లాప్‌టాప్ ట్యాబ్‌ల గురించి. చేరిన మొదటి రోజే టీమక్స్ కీలు కంట్రోల్ బి, వెనక్కి స్క్రోల్ చేయడానికి కాపీ మోడ్ అంటే పిల్లలకి టెన్షనే. ట్యాబ్‌లంటే ఎవరికీ నేర్పక్కర్లేదు. నేను స్క్రిప్ట్ వైపే.

కాకపోతే తమ్ముడూ, జాగ్రత్తగా రాయాలి. ట్యాబ్‌లో కమాండ్ నడపడానికి డాష్ ఈ (-e) ఆప్షన్ వాడకు, దాన్ని తీసేయొచ్చని గ్నోమ్ టెర్మినలే హెచ్చరిస్తుంది. దాని బదులు రెండు డాష్‌లు పెట్టి కమాండ్ రాయాలి. కానీ ఆ రెండు డాష్‌ల తర్వాత ఉన్నదంతా ఒకే కమాండ్ కింద పోతుంది, అందుకని ఒక్కో ట్యాబ్‌కి గ్నోమ్ టెర్మినల్‌ని విడిగా పిలవాలి. మొదటిదానికి విండో ఆప్షన్, మిగతా వాటికి ట్యాబ్ ఆప్షన్. బ్యాకెండ్ ఎర్రర్ వచ్చి ఆగితే ట్యాబ్ కూడా మూసుకుపోతుంది, ఎర్రర్ చదవడానికి కూడా ఉండదు. బాష్ డాష్ సీ లోపల కమాండ్ రాసి, సెమీకోలన్ పెట్టి, చివర ఎగ్జెక్ బాష్ అని రాస్తే ట్యాబ్ నిలబడుతుంది. ఇక టైటిల్ సంగతి. నువ్వు పేరు పెట్టినా ప్రాంప్ట్ రాగానే మారిపోతుంది, ఎందుకంటే ఉబుంటు బాష్‌ఆర్‌సీలో (బాష్ సెట్టింగ్‌ల ఫైల్) పీఎస్1, అంటే ప్రాంప్ట్ ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్, టైటిల్‌ని మళ్లీ రాస్తుంది. ఆ లైన్ సరిచేయకపోతే నాలుగు ట్యాబ్‌లకీ యూజర్ పేరు, ఫోల్డర్ పేరే కనిపిస్తాయి.

కూకట్‌పల్లి_అడ్మిన్:
ఇన్ని తిప్పలు పడి రాసింది ఒక్క టెర్మినల్‌కే పనికొస్తుంది కదమ్మా! ఉబుంటు 25.10లో డిఫాల్ట్ టెర్మినల్ టిక్సిస్ అయింది. కేడీఈ వాళ్ల టెర్మినల్ కాన్సోల్‌కైతే ట్యాబ్‌ల జాబితా వేరే ఫైల్‌లో ఇవ్వాలి. విండోస్ టెర్మినల్‌లో డబ్ల్యూటీ కమాండ్, మధ్యలో సెమీకోలన్లు. టీమక్స్ స్క్రిప్ట్ ఒకసారి రాస్తే లినక్స్, మ్యాక్, డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్) మూడింట్లోనూ అదే నడుస్తుంది. మౌస్ ఆన్ అని కాన్ఫిగ్‌లో ఒక్క లైన్ రాసిస్తే పిల్లలు స్క్రోల్ కూడా చేసుకుంటారు.

మణికొండ_దేవి:
వాళ్ల టీమ్ అంతా ఉబుంటులోనే ఉంది కదన్నా, మ్యాక్ కోసం ఇప్పుడే ఎందుకు రాయాలి? నాలుగో ట్యాబ్ విషయంలో మాత్రం మీ మాట ఒప్పుకుంటా. అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ డాష్ టీ పెట్టి, సర్వర్‌లో టీమక్స్ న్యూ సెషన్‌ని పెద్ద ఏ (-A) ఆప్షన్‌తో పిలిస్తే సరి. సెషన్ ఉంటే అందులోకే వెళ్తుంది, లేకపోతే కొత్తది తెరుస్తుంది.

కూకట్‌పల్లి_అడ్మిన్:
అది చేస్తే నా భయం చాలావరకు తీరినట్టే. అయితే సెషన్ పేరు అందరికీ ఒకటే పెట్టొద్దు తమ్ముడూ. సర్వర్‌లో మీరందరూ ఒకే యూజర్‌తో లాగిన్ అయితే ఒకరు కొట్టేది ఇంకొకరి స్క్రీన్ మీద పడుతుంది.

ఉప్పల్_కోడర్:
అవునన్నా, అందరం ఒకే యూజర్‌తోనే వెళ్తాం. సెషన్ పేరులో లాప్‌టాప్ యూజర్ పేరు కలిపి రాస్తా. థాంక్స్ అక్కా, బాష్‌ఆర్‌సీ లైన్ ఇవాళే సరిచేస్తా.