నేలపట్టు–పులికాట్‌కి బైనాక్యులర్: 8×42నా, 10×50నా?

లకుముకి: డిసెంబర్ రెండో వారం పక్షుల్ని చూడ్డానికి నేలపట్టు, పులికాట్ అనుకుంటున్నాం. అమ్మకి కళ్లజోడు. బైనాక్యులర్ 8×42 తీసుకోవాలా, 10×50నా? ఎన్నింటికల్లా అక్కడుండాలి? బట్టలు ఏ రంగువి? సూళ్లూరుపేటలో బస ఎక్కడ?

గూడబాతు: 8×42, ఇంకో ఆలోచన వద్దు. (మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు, మి.మీ.లలో.) 10 రెట్లు దగ్గరైతే చేతి వణుకూ అంతే పెరుగుతుంది. అమ్మగారి కోసం ఐ రిలీఫ్ (కంటికీ వెనక అద్దానికీ మధ్య ఉండగల దూరం) 15 మి.మీ. పైన ఉన్నది చూడండి. కళ్లజోడుతో చూసేటప్పుడు రబ్బరు కప్పులు పూర్తిగా లోపలికి తిప్పేయాలి, లేకుంటే చుట్టూ నల్లగా మూసుకుపోతుంది.

చెరువుగట్టు: పులికాట్‌లో 8తో ఏం కనిపిస్తుందండీ? రాజహంసలు (ఫ్లెమింగోలు) అర కిలోమీటరు అవతల ఉంటాయి. గులాబీ ముక్కుకి కొస మాత్రమే నలుపైతే పెద్ద రాజహంస, ముక్కంతా ముదురు రంగైతే చిన్నది. ఆ తేడా తెలియకుండా చూసినట్టేనా? 10 కావాల్సిందే.

గూడబాతు: ఎండ ఎక్కాక ఆ నీటి మీద గాలి అల్లాడుతుంది. 10 పెడితే ఆ అల్లాటే పెద్దదిగా కనిపిస్తుంది, ముక్కు కాదు. అంత దూరానికి ట్రైపాడ్ మీద పెట్టి ఒంటికన్నుతో చూసే స్కోపు.

చెరువుగట్టు: కొత్తవాళ్లకి స్కోపు అంటగట్టకండి మహాప్రభో.

చిత్తడి_నేల: అంకెల మీద కొట్టుకోవడమేగానీ డయాప్టర్ (రెండు కళ్ల చూపులో తేడాని సరిచేసే రింగు) సరిచేసుకునేవాళ్లెందరు? కుడికన్ను మూసి, దూరంగా ఉన్న బోర్డు అక్షరాలు ఎడమకంటికి స్పష్టమయ్యేదాకా మధ్య చక్రం తిప్పండి. తర్వాత ఎడమకన్ను మూసి, చక్రం ముట్టకుండా, కుడి గొట్టం దగ్గరి రింగు మాత్రమే తిప్పండి. గుర్తు ఎక్కడ ఆగిందో చూసి పెట్టుకోండి. ఒకే బైనాక్యులర్ చేతులు మారితే ఇదే మొదట చెడేది. ఇది చేయక తలనొప్పి తెచ్చుకుని కంపెనీని తిడతారు.

అటకానితిప్ప: సూళ్లూరుపేట–శ్రీహరికోట రోడ్డు పడమర నుంచి తూర్పుకి పోతుంది. చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం పక్క నీళ్లు చూడండి, వెలుగు మీ వెనకనుంచి పడుతుంది. దక్షిణం పక్క అన్నీ నల్లటి బొమ్మలే. కారు దిగొద్దు. కారుకి బెదరని పిట్ట తలుపు చప్పుడుకి లేస్తుంది. ఇంజన్ ఆపి, కిటికీ అంచు మీద మడతపెట్టిన తువ్వాలు వేసి మోచేతులు ఆనించండి, 10×50 అయినా కదలదు.

కూతల_కోటి: అసలు కళ్లకంటే చెవులు ముఖ్యం. ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ పెట్టుకోండి, కూత విని పేరు చెబుతుంది. పొదల్లో దాక్కున్న పిట్టకైతే దాని కూతే స్పీకర్‌లో వినిపించండి, బయటికొచ్చేస్తుంది.

చిత్తడి_నేల: మొదటి మాట సరే, రెండోది దయచేసి ఎవరికీ నేర్పకండి. అది మీకోసం రాదు, తన జాగాలోకి ఇంకో మగది దూరిందని పోట్లాటకి వస్తుంది. ఈలోగా గూటికి కాపలా ఉండదు.

కూతల_కోటి: ఐదు సెకన్లకి కొంప మునగదు. గైడ్లందరూ చేసేదే. పక్షులకి రింగులు వేసే శిబిరాల్లో పనిచేసినవాణ్ణి, నాకు చెబుతారా?

చిత్తడి_నేల: మీవి ఐదు సెకన్లే. మీ వెనక వచ్చే ప్రతి బండివాడూ అదే పొద దగ్గర ఐదు సెకన్లు పెడతాడు. శిబిరంలో నేర్చుకున్నది ఇదేనా?

గూడబాతు: నేలపట్టులో స్పీకర్ ఎందుకసలు? అక్టోబర్ నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి, వాచ్ టవర్ మీంచి అన్నీ కనిపిస్తాయి. అరిచి లేపితే తల్లులు ఎగిరిపోతాయి, గుడ్లు కాకుల పాలు.

తీతువు: నేల మీద పెట్టే గూళ్ల సంగతీ చెప్పండి. ఎండాకాలం చెరువు గట్ల మీద తీతువు తల చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. గులకరాళ్లలో కలిసిపోయే మచ్చల గుడ్లు, మామూలుగా నాలుగు. వెతకొద్దు, వచ్చిన దారినే అడుగులో అడుగేసి వెనక్కి పోండి.

లకుముకి: బట్టల రంగు?

అటకానితిప్ప: తెలుపు, ఎరుపు వద్దు. అంతే.

చెరువుగట్టు: ఉల్లంకుల్లో (నీటి అంచున బురదలో తిరిగే పిట్టలు) దేన్నయినా గుర్తుపట్టే ఉపాయముందా? అన్నీ ఒకే మట్టిరంగు.

గూడబాతు: లేచేదాకా ఆగండి. ఎర్రకాళ్ల ఉల్లంకి ఎగిరితే రెక్క వెనకంచున తెల్లటి వెడల్పు పట్టీ కనిపిస్తుంది. అది 8లోనూ కనిపిస్తుంది.

చెరువుగట్టు: మళ్లీ మొదలెట్టారా!

తీతువు: ఏది కొన్నా, ఉప్పుగాలిలో తిరిగాక అద్దాన్ని చొక్కా కొసతో తుడవొద్దు, ఉప్పురవ్వ గీతలు పెడుతుంది. ముందు రబ్బరు బుడ్డితో ఊది, తర్వాత మెత్తటి లెన్స్ గుడ్డ. ఇంట్లో గాలిచొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, లేకుంటే వానాకాలంలో లోపలి అద్దానికి బూజు పడుతుంది.